లెక్క అడిగినవాడు ట్రోల్ అవుతాడా?

ప్రశ్న అడిగిన మిత్రునికి నమస్కారం. మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందుగా చెప్పి జవాబులోకి వెళతాను. దేవరకొండ దగ్గరి మీ ఊరి వాట్సాప్ గ్రూపులో 240 మంది ఉన్నారు. సగం మంది ఊళ్లోనే ఉంటారు, తక్కినవారు హైదరాబాదులో, భివండిలో, సూరత్‌లో, గల్ఫ్ దేశాల్లో ఉంటారు. బడికి మరుగుదొడ్లు కట్టించడానికి, చెరువు తూము బాగు చేయించడానికి చందాలు పోగు చేశారు. అప్పటి నుంచి ఒక సభ్యుడు కమిటీ పెట్టే ప్రతి సందేశం కిందా ఏదో ఒక అడ్డు మాట రాస్తున్నాడు. కమిటీవారు ఆయనను ట్రోల్ అంటున్నారు, తీసేయమని మీ మీద ఒత్తిడి తెస్తున్నారు. ఆయనది నిజమైన భేదాభిప్రాయమా, ట్రోలింగా, ఎలా తెలుసుకోవాలి అని మీరు అడిగారు. ఆయన రాసిన రెండు వాక్యాలను కూడా ఇచ్చారు. ఒకటి, "తూముకు సిమెంటు ఎన్ని బస్తాలు పడ్డయో చెప్పుర్రి." రెండోది, "మీరంత పెద్దమనుషులు, మీకు లెక్కలెందుకు." ఆ రెండు వాక్యాలకూ చివరలో వస్తాను.

నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. తొమ్మిదేళ్లుగా జిల్లా నీళ్లు, చరిత్ర, భాష గురించి మాట్లాడుకునే ఒక గ్రూపును నడుపుతున్నాను. ఈ విషయంలో అనుభవమని నేను చెప్పుకోగలిగినది చాలావరకు రెండు తప్పుల నుంచి వచ్చింది. పంపకూడని మనిషిని పంపించాను, ఉంచకూడని మనిషిని పది నెలలు ఉంచుకున్నాను. మీరు ఏదో ఒకటి నిర్ణయించే ముందు ఆ రెండూ వినడం మంచిదని నా అభిప్రాయం.

మొదట మాట సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం గొడవ ఆ మాటతోనే వస్తున్నది. ఇప్పుడు తెలుగులో 'ట్రోల్ చేశారు' అంటే ఎక్కువ మంది ఒకరిని మీమ్‌లతో, వీడియో ముక్కలతో ఎగతాళి చేశారని అర్థం. సినిమా వాళ్లనూ రాజకీయ నాయకులనూ ఆటపట్టించే పేజీలను ట్రోల్ పేజీలనే అంటారు. ఇంటర్నెట్‌లో ఆ మాట పుట్టినప్పటి అర్థం వేరు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే చర్చావేదికల్లో పాత సభ్యులు, కొత్తగా చేరినవారిని రెచ్చగొట్టడానికి తెలిసే ఒక తప్పు మాట రాసి వదిలేవారు. నడిచే పడవ వెనక ఎర కట్టిన దారాన్ని లాగుతూ చేపలు పట్టే పద్ధతికి ఇంగ్లీషులో ఉన్న పేరునే దానికి పెట్టుకున్నారు. నాగార్జునసాగర్ నీళ్ల మీద గాలం వేసేవాళ్లను చూసినవారికి ఈ పోలిక వేరుగా వివరించనక్కరలేదు. గాలానికి గుచ్చిన ఎర చేపకు తిండిలాగే కనిపిస్తుంది. ట్రోల్ వేసే మాట కూడా ప్రశ్నలాగో అభిప్రాయంలాగో కనిపిస్తుంది. మన వాడుకలో ఉన్న 'పుల్ల పెట్టడం' అన్న మాట ఈ అసలు అర్థానికి ఎగతాళి కన్నా దగ్గరగా ఉంటుంది. నేను ఇక్కడ ట్రోలింగ్ అన్నప్పుడల్లా ఈ అర్థంలోనే అంటున్నాను.

ఇక నా మొదటి తప్పు. గ్రూపు పెట్టిన రెండో ఏడు కావచ్చు, ఫ్లోరైడ్ గురించి మాట్లాడుకుంటున్నాం. నల్లగొండ గురించి మాట్లాడేవారెవరైనా ఆ సంగతి దగ్గరికి రాక తప్పదు. పటికా సున్నమూ వాడి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి 'నల్లగొండ టెక్నిక్' అని పిలుస్తున్నారు. ఆ చర్చలో హైదరాబాదులో స్థిరపడిన ఒక సభ్యుడు, మంచి ఉద్దేశంతోనే, నీళ్లను బాగా కాగబెట్టి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ బాధ ఉండదని రాశారు. దానికి పదిహేను మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అప్పుడు మర్రిగూడ వైపు నుంచి ఒక రైతు ఇలా రాశాడు: "ఎవడు చెప్పిండు నీకు? కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఇంకింత ఎక్కువైతది. తెల్వకపోతే గమ్మునుండు, జనాల్ని ఆగం చెయ్యకు."

ఆ మాట తీరు చూసి నాకు ఒళ్లు మండింది. పెద్ద ఉద్యోగం చేసి విరమించిన మనిషిని పట్టుకుని నువ్వు అనడం, గమ్మునుండమనడం ఏమిటని ఆ రాత్రే అతన్ని గ్రూపు నుంచి తీసేశాను. చాలామంది నన్ను మెచ్చుకున్నారు కూడా. కానీ చెప్పిన విషయంలో అతనిదే సరైన మాట. కాగబెట్టినప్పుడు ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, కాబట్టి మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం, వేరే నీటి వనరు లేనప్పుడు కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడని పదార్థం అది. ఆ హద్దుకు దగ్గరగా ఉన్న నీటిని కాగబెట్టి ఇంకా చిక్కన చేసుకోమని మేము సలహా ఇస్తుంటే, అడ్డుపడినవాణ్ని నేను బయటికి పంపాను.

ఎనిమిది నెలల తరువాత వేరే పని మీద అతనికి ఫోను చేయవలసి వచ్చి, ఆ ముచ్చట కూడా ఎత్తి క్షమించమని అడిగాను. అతను కోపంగా లేడు. "నన్ను తీసేసినందుకు కాదు సారూ, ఆ కాగబెట్టే మెసేజు తియ్యలే గద, అదీ నా రంది" అన్నాడు. వెనక్కి వెళ్లి చూస్తే నిజంగానే ఆ తప్పు సలహా గ్రూపులో అలాగే ఉంది.

ఇందులో మన ప్రాంతానికి సంబంధించిన ఒక మెలిక ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తండ్రినీ మేనమామనూ 'నువ్వు' అనడం ప్రేమకు లోటు కాదు, మర్యాదకు లోటు అంతకన్నా కాదు. అదే మాటను అక్షరాల్లో పెట్టి, మీరు–గారు అలవాటైన మనిషి ఫోనులో చూపిస్తే తిట్టులాగా కనిపిస్తుంది. గొంతు వినబడదు, ముఖం కనబడదు. "మంచిగ చెప్పినవ్ పో" అన్న మాట మెచ్చుకోలో దెప్పిపొడుపో ఎదురుగా ఉంటే క్షణంలో తెలుస్తుంది, తెర మీద మాత్రం చదివేవాని మనసులో ఏముంటే అదే అర్థమవుతుంది. ఊళ్లో మాట్లాడే యాస రాసినందుకే ట్రోల్ అనిపించుకున్నవారిని నేను కనీసం నలుగురిని చూశాను. కాబట్టి కోపాన్నీ ఏకవచనాన్నీ మొరటుతనాన్నీ ట్రోలింగ్‌కు గుర్తులుగా పెట్టుకోకండి. మర్యాద తప్పితే మర్యాద గురించి హెచ్చరించవచ్చు. అది వేరే తప్పు, దానికి శిక్ష కూడా వేరుగా ఉండాలి.

రెండో మనిషి దీనికి పూర్తిగా ఎదురు. ఆయన రాసిన ప్రతి సందేశమూ "పెద్దలకు నమస్కారములు, నాదొక చిన్న సందేహం మాత్రమే" అని మొదలయ్యేది. ఒక్క మొరటు మాట ఉండేది కాదు. అప్పుడు మేము సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి మాట్లాడుకుంటున్నాం. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు అన్నప్పుడు ఆయన ఊరూరి నుంచి రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఈ పెద్దమనిషి మొదట ఆ సంఖ్యకు ఆధారం అడిగారు. ఒక సభ్యుడు పునర్ముద్రణలోని విషయసూచిక పుటలను ఫొటోలు తీసి పెట్టాడు. ఆయన దాన్ని ఒప్పుకోలేదు, కాదనలేదు. "సరే, వీరిలో నిజంగా కవులనదగినవారెందరు?" అన్నారు. వనపర్తి నుంచి ఒక ఉపాధ్యాయుడు ఓపికగా గద్వాల, వనపర్తి సంస్థానాలలో పండితులకు దొరికిన ఆదరణ గురించీ, అక్కడి అవధానాల గురించీ నాలుగు సందేశాలు రాశాడు. దానికి జవాబుగా ఆయన, "ఇంతకూ మీరందరూ ఈ సంఖ్యను పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు" అని రాశారు. సంఖ్య సంగతి ఎత్తింది తానేనన్నది ఆయనకు గుర్తులేనట్టే ఉంది. మూడు వారాలు గడిచాక మళ్లీ నమస్కారములతో మొదలుపెట్టి, 354 అన్న సంఖ్యకు ఆధారమేమిటని అడిగారు.

నేను దాన్ని పది నెలలు సాగనిచ్చాను, ఎందుకంటే ఆయన భాషలో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. ఈలోగా గ్రూపులో ఉన్న ఇద్దరు పాత తెలుగు పండితులు రాయడం మానేశారు. వనపర్తి ఉపాధ్యాయుడు, "నాకు బడి ఉంది సార్, ఆయనకు వేరే పని లేదు" అని నాకు విడిగా చెప్పి వెళ్లిపోయాడు. చివరికి తెలిసినదేమంటే, నా పాత విద్యార్థి నడిపే మరొక గ్రూపులో అదే వారం ఈయన అంతే నమ్రతగా, ఆ సంచిక ఎందరో తెలంగాణ కవులను వదిలేసి వారికి అన్యాయం చేసిందని వాదిస్తున్నారు. మా దగ్గర 354 మంది ఎక్కువయ్యారు, అక్కడ తక్కువయ్యారు. ఎక్కడ ఏ మాట అంటే మంట రాజుకుంటుందో అక్కడ ఆ మాట అనడమే ఆయన పక్షం.

ఈ రెండు తప్పులనూ పక్కపక్కన పెట్టుకుని చూసిన తరువాత నేను ఒకే ఒక్క సంగతిని పట్టించుకోవడం మొదలుపెట్టాను. ఒక మనిషి ఏమన్నాడన్నది నేను మొదట చూడను, జవాబు అందిన తరువాత ఆయన రాసే తర్వాతి సందేశాన్ని చూస్తాను. నిజంగా ఒప్పుకోని మనిషి రాసే తర్వాతి మాటలో మీరిచ్చిన జవాబు ఆనవాలు ఏదో ఒకటి ఉంటుంది. పూర్తిగా ఒప్పుకోనక్కరలేదు. "అది సరే, కానీ ఇది తేలలేదు" అనవచ్చు, మీ ఆధారం ఎందుకు చాలదో చెప్పవచ్చు, తన అభ్యంతరాన్ని ఇంకొంచెం ఇరుకు చేసుకోవచ్చు, కోపంగా "ఇదంతా తప్పు, నేను కళ్లారా చూసిన" అని తన సాక్ష్యం తాను తేవచ్చు. ట్రోల్ రాసే తర్వాతి మాటను మీ జవాబు చదవకుండా కూడా రాయవచ్చు. అది కొత్త చోటికి దూకుతుంది, లేదా మొదటికే తిరిగి వస్తుంది, లేదా విషయాన్ని విడిచి మీ మీదికి, మీ ఇంటి మీదికి, మీ కులం మీదికి మళ్లుతుంది.

ఒక్క సందేశాన్ని చూసి ఈ తేడా తేల్చలేము. మత విశ్వాసాల మీద సాగిన ఒక చర్చలో 2005లో నేథన్ పో అనే ఆయన, కన్ను గీటుతున్న బొమ్మ పెట్టకపోతే వెటకారాన్ని నిజమైన విశ్వాసమని ఎవరో ఒకరు పొరబడక తప్పదని అన్నాడు. ఇప్పుడు దాన్ని 'పో సూత్రం' అంటారు. రెండు మూడు రాకపోకలు జరగనివ్వాలి. ఆ మధ్యలో ఇచ్చే జవాబు కూడా నిజంగా జవాబై ఉండాలి. మనం దాటవేసే మాట చెప్పి, అతను మళ్లీ అడిగితే మొండివాడని ముద్ర వేయడం తొండి ఆట.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. 'వితండవాదం' అన్న మాట ఊరి చావిడిలో కూడా వినిపిస్తుంది గానీ, దాని పుట్టిల్లు గౌతమ మహర్షి పేరున ఉన్న పాత తర్కశాస్త్ర గ్రంథం, న్యాయసూత్రాలు. నిజం తేల్చుకోవాలని ఇద్దరు కూర్చుని ప్రమాణాలతో మాట్లాడుకునేది వాదం. తన పక్షం గెలవాలన్న పట్టుదలతో, అవసరమైతే మాటల గారడీ కూడా చేసి సాగించేది జల్పం. తనకంటూ నిలబెట్టుకునే పక్షమేదీ లేకుండా ఎదుటి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మాటల గారడీలో ఒక రకానికి ఆ శాస్త్రకారులు ఛలం అని పేరు పెట్టారు. దానికి చెప్పే పాత ఉదాహరణ 'నవకంబలం.' ఒక పిల్లవాడు నవకంబలం కప్పుకున్నాడని ఒకరంటే, చెప్పినవాని భావం కొత్త కంబళి అని. వినేవాడు తెలిసి తెలిసీ 'నవ' అంటే తొమ్మిది అని పట్టుకుని, "తొమ్మిదెక్కడున్నవి, ఒక్కటే కదా" అంటాడు. పాలమూరు గొంగడి కప్పుకున్నవాణ్ని చూసి ఎవరైనా ఆ మాట అంటే మనం నవ్వి ఊరుకుంటాం. అదే పని వాట్సాప్‌లో రోజుకు పదిసార్లు జరిగితే దానికి జవాబులు రాస్తూ కూర్చుంటున్నాం.

అయితే ఈ మూడు పేర్లనూ యథాతథంగా తెచ్చి మనుషులకు అతికించవద్దు. జల్పం చేసేవాడు ట్రోల్ కాడు. పార్టీ కార్యకర్తలు, వకీళ్లు, తమ కులసంఘం తరఫున మాట్లాడేవారు గెలవాలనే మాట్లాడతారు, కానీ వారికి ఒక పక్షం ఉంటుంది, ఓడిపోతే పోయేది కూడా ఉంటుంది. అలాగే సొంత పక్షం చెప్పకుండా ప్రశ్న మాత్రమే అడిగేవారందరూ వితండవాదులు కారు. చందా ఇచ్చిన మనిషి లెక్క అడిగితే, "తూమును నువ్వైతే ఎట్ల కట్టేవాడివో ముందు చెప్పు" అనడం అన్యాయం. లెక్క అడగడానికి మేస్త్రీ పని తెలిసి ఉండనక్కరలేదు.

మొండివాణ్ని కూడా వేరుగా చూడాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడు ఆ మూడు కాళ్లను నిజంగా నమ్ముతాడు, నాలుగో కాలు చూపించినా నమ్మడు. విసుగు పుట్టిస్తాడు గానీ మోసం చేయడు. ట్రోల్‌కు కుందేటి కాళ్లెన్నో అక్కరలేదు, మీరు లెక్కపెడుతూ కూర్చోవడమే కావాలి. మొండివాని దగ్గర "సరే, మీ అభిప్రాయం మీది, మా అభిప్రాయం మాది" అని ముగిస్తే ముగుస్తుంది, ఎందుకంటే ఆయనకు కావలసింది తన మాట నిలవడం. ట్రోల్ దగ్గర అలా ముగిస్తే పది నిమిషాలు కాకముందే మరొక పుల్ల పడుతుంది. ఈ తేడా చాలా చోట్ల పనికి వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మరొక జాగ్రత్త. ట్రోల్ అని ఒక జాతి మనుషులు వేరే ఉన్నారని అనుకోవద్దు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరికి తేలిక పరీక్ష, కొందరికి చిరాకు పుట్టించే కష్టమైన పరీక్ష పెట్టి, ఆ తరువాత ఒక వార్త మీద వ్యాఖ్య రాయమన్నారు. మనసు బాగున్నవారు, పైన మర్యాదైన వ్యాఖ్యలు చూసి రాసినప్పుడు దాదాపు 35 శాతం వ్యాఖ్యలు ట్రోలింగ్ కిందికి వచ్చాయి. మనసు చెడి ఉన్నవారు, పైన చెడ్డ వ్యాఖ్యలు చూసి రాసినప్పుడు అవి 68 శాతానికి చేరాయి. వాళ్లు ట్రోలింగ్ అన్నమాటను కొంత విశాలమైన అర్థంలో, తిట్లను కూడా కలుపుకుని వాడారు. అయినా ఇందులో నాకు పనికివచ్చిన సంగతి ఒకటుంది. పైన ఉన్న నాలుగు వ్యాఖ్యలు ఎలా ఉన్నాయో ఐదోది కూడా అలాగే వస్తుంది. ఒకరి మీద పదిమంది ఎగబడి వెటకారం చేస్తుంటే, నిజాయితీగా మొదలుపెట్టిన మనిషి కూడా మూడో రోజుకు వెటకారంలోకి దిగుతాడు. అప్పుడు మనం మూడో రోజు సందేశాన్ని మాత్రం చూపించి ట్రోల్ అంటాం. అందుకే నేను ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా ఆయన రాసిన మొట్టమొదటి సందేశం దాకా వెనక్కి వెళ్లి చదువుతాను. పని పెరుగుతుంది నిజమే, కానీ వేరే దారి నాకు కనబడలేదు.

ఇక చేయవలసిన పని. సందేహం ఉన్నప్పుడు ఉద్దేశం గురించి తవ్వవద్దు, ఒకే ఒక్కసారి పూర్తిగా జవాబు చెప్పండి. తెలంగాణలో కవులు లేరన్న మాట అజ్ఞానంతో వచ్చిందా, చులకన చేయడానికి వచ్చిందా అన్న దానితో సురవరం వారికి నిమిత్తం లేకపోయింది. ఆయన చూపించిన కవులు ఆ మాట అన్నవారి కోసం మాత్రమే కాదు, దాన్ని విని ఊరుకున్నవారి కోసం కూడా. మీ గ్రూపులో కూడా చప్పుడు చేయకుండా చదివేవారే ఎక్కువ. వారికి జవాబు అందితే చాలు, రెచ్చగొట్టిన మనిషి తృప్తి పడ్డాడా లేదా అన్నది పట్టించుకోనక్కరలేదు. అదే ప్రశ్న మళ్లీ వస్తే పాత జవాబును చూపించి ఊరుకోవాలి. వాదన పెంచుకోవడం వల్ల నేను పోగొట్టుకున్నది ఇద్దరు పండితులను, ఒక ఉపాధ్యాయుణ్ని.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ అడ్మిన్‌లందరికీ ఆ భయం ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇంటర్నెట్‌లో 'చికాకు కలిగించే' రాతలను కూడా నేరంగా చేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఆ తీర్పు చర్చను, ఒక పక్షం తరఫున గట్టిగా వాదించడాన్ని, నేరానికి ఉసిగొల్పడాన్ని వేరువేరుగా చూసింది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా రాజ్యాంగం కాపాడే మాటలే. సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్‌ను, అతని ప్రమేయం లేనప్పుడు, బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లోనూ కేరళ హైకోర్టు 2022లోనూ చెప్పాయి. కాబట్టి మీ మీదికి ఏదో వస్తుందన్న భయంతో ఎవరినీ తీసేయకండి. చంపుతాననడం, ఆడవాళ్ల ఫొటోలు మార్చి పెట్టడం, ఒకరి ఫోను నంబరు పెట్టి వేధించమనడం వంటివి మాత్రం ట్రోలింగ్ లెక్కలోకి రావు, అవి నేరాలు. అక్కడ రెండు మూడు సందేశాలు ఆగి చూడడం ఉండదు. స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుని, పోలీస్ స్టేషన్‌లో గానీ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయాలి.

ఇప్పుడు మీ ఊరి మనిషి సంగతి. "తూముకు సిమెంటు ఎన్ని బస్తాలు పడ్డయో చెప్పుర్రి" అన్నది ఒక అంకెతో తీరిపోయే ప్రశ్న. గాలం వేసేవాడు సాధారణంగా అంకెతో తీరిపోయే ప్రశ్న అడగడు, ఎందుకంటే జవాబు వస్తే ఆట అయిపోతుంది. "మీరంత పెద్దమనుషులు, మీకు లెక్కలెందుకు" అన్నది వెటకారమే, సందేహం లేదు. కానీ మీ ప్రశ్నలోనే మీరు రాసిన ప్రకారం మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య నాలుగు నెలలు గడిచాయి, ఆ నాలుగు నెలల్లో కమిటీ లెక్క పెట్టలేదు. జవాబు అందని ప్రశ్న ముదిరి వెటకారమైందని నాకు అనిపిస్తున్నది. పొరపాటు కావచ్చు. అయితే ట్రోల్ అన్న మాట ఎవరి నోట వస్తున్నదో కూడా చూడాలి కదా. ఇక్కడ అంటున్నది డబ్బు చేతిలో ఉన్నవారు, అనిపించుకుంటున్నది డబ్బు ఇచ్చినవాడు. కమిటీలో ఎవరూ తినకపోయి ఉండవచ్చు, నేను ఆ అనుమానం పెట్టడం లేదు. లెక్క చూపని నిజాయితీ బయటివారికి కనబడదని మాత్రమే అంటున్నాను.

ఒక తేదీ చెప్పి, ఆ తేదీకి సిమెంటు, ఇసుక, కంకర, మేస్త్రీ కూలి, మిగులు అన్నీ రసీదుల ఫొటోలతో గ్రూపులో పెట్టించండి. పెట్టిన తరువాత ఆయననే పేరు పెట్టి, మర్యాదగా, "ఏ పద్దు మీద అభ్యంతరమో చెప్పండి" అని అడగండి. "బస్తాకు అంత పడదు, మాల్ ఊర్ల తక్కువకు వస్తది" అన్నాడంటే, ఎంత విసురుగా అన్నా సరే, ఆయన మీకు అవసరమైన మనిషి. బడి మరుగుదొడ్ల పని మొదలయ్యేటప్పుడు సామాను కొనుగోలు ఆయనకే అప్పగించవచ్చు. "సిమెంటు ఫలానా వారి బావమరిది దుకాణంలోనే ఎందుకు కొన్నరు" అని అడిగితే, వ్యక్తిగతమని కొట్టేయవద్దు, అది నిజమైతే అడగవలసిన ప్రశ్నే, దానికీ జవాబు ఇప్పించండి. రసీదులన్నీ చూసి కూడా "లెక్కలు ఎవడైన రాస్తడు" అని, అక్కడి నుంచి నిరుడు జరిగిన జాతర మీదికి, అక్కడి నుంచి ఒకరి ఇంటి విషయాల మీదికి పోతే అప్పుడు వేరు. అప్పుడు కూడా ముందు ఆ సందేశాన్ని మాత్రం తొలగించండి, అడ్మిన్‌కు ఆ వీలు 2022 నుంచి ఉంది. గ్రూపులో నలుగురి ముందు హెచ్చరించకుండా ఫోను చేయండి, ఊళ్లోనే ఉంటే ఇంటికి వెళ్లి మాట్లాడండి. పేరూ ముఖమూ తెలియని చోట చర్చ నడిపేవారికి లేని వసతి మీకు ఉంది, ఆయన తండ్రి ఎవరో, ఇల్లు ఏ వాడలో ఉందో మీకు తెలుసు. మాట్లాడిన తరువాత కూడా మూడోసారి అదే జరిగితే తీసేయండి, ఎందుకు తీసేశారో రెండు వాక్యాలలో గ్రూపులో రాయండి.

లెక్క పెట్టకుండా ముందే తీసేస్తే, మిగిలిన 239 మంది కూడా తూముకు ఎన్ని బస్తాలు పడ్డాయోనని ఆలోచించడం మొదలుపెడతారు, వారిలో చాలామంది మీకు ఆ మాట చెప్పరు. బస్తాల లెక్క పెట్టించండి. దాని కింద ఆయన రాసిన మొదటి మాట ఏమిటో నాకు పంపండి, అప్పుడు ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.